మత్తు ఒక్క కాలికే

కిందటి నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. ముఖపరిచయం కూడా లేదు. షాంటిలీ అనే ఊళ్లో ఉంటుందట, ఐదో నెలట. మెట్ల మీద జారి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తప్పదన్నారు. మనిషికంతా మత్తు ఇవ్వకుండా ఆ కాలి నరాలకు మాత్రం ఇంజెక్షన్ చేసి మొద్దుబారుస్తామన్నారు. నాకూ అలాగే చేశారని ఎవరి ద్వారానో విని నా నంబర్ పట్టుకుంది.

"బేబీకి ఏమీ కాదు కదా అక్కా?" అని అడిగింది.

స్టవ్ మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. స్టవ్ మీద ఏమీ లేదు. మర్నాడు నేనే ఫోన్ చేసి తెలిసినంత చెప్పాను. ఆమె ఆపరేషన్ అయింది, తనూ కడుపులో బిడ్డా బాగానే ఉన్నారు. కానీ నేను చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. నా ఒంటికి తెలిసింది, నా ఇంట్లో జరిగింది మాత్రమే రాయగలను.

2011 జనవరి

అప్పుడు మేం ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం, చలికాలమంతా మంచు పడే చోటు. శ్రీధర్ కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో డిజైన్ ఇంజనీర్. ఇద్దరం ఎమ్మెస్‌లో క్లాస్‌మేట్లం. తనది హనుమకొండ, నాది ఒంగోలు. నా ఉద్యోగం పోయి, వీసా తన మీద డిపెండెంట్‌గా మారి అప్పటికి ఏడాది. పెళ్లైన ఐదేళ్లకు మొదటిసారి కడుపు నిలిచింది. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనుకుని, మూడో నెలలోనే ఇద్దరం ఎవరి అమ్మకు వాళ్లం చెప్పేసుకున్నాం.

ఆ రోజు పొద్దున సన్నగా వాన పడి, పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. శ్రీధర్ ఆఫీస్‌కి చేరగానే ఫోన్ చేసి, బయట అడుగు పెట్టొద్దని రెండుసార్లు చెప్పాడు. నేను సరేనన్నాను. వంటింట్లో చెత్త సంచిలో ముందురోజు కోడిగుడ్డు పెంకులున్నాయి. ఆ వాసనకు అప్పటికే మూడుసార్లు వాంతి చేసుకున్నాను. సంచి మూతి కట్టి బాల్కనీలో పెట్టినా వాసన వస్తున్నట్టే ఉంది. పదకొండు గంటలకు ఇక తట్టుకోలేక షూస్ వేసుకుని కిందికి దిగాను.

చెత్త పడేసే చోటు పార్కింగ్ లాట్‌కి అవతలి పక్క. వెళ్లేటప్పుడు ఒక్కో అడుగూ చూసి వేశాను. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ కదా, కొంచెం ధైర్యంగా నడిచాను. కుడికాలు ఎటు పోయిందో తెలియలేదు. చీలమండ లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది. చేతులు మాత్రం వాటంతటవే పొట్ట మీదికి పోయాయి. ఉత్తరాలు పంచే ఆవిడ చూసి అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా తన కోటు నా మీద కప్పి, ఆ చలిలో స్వెట్టర్‌తో నిలబడింది. ఆవిడ పేరు అడగలేదు. ఆ తర్వాత మా రూటుకి వేరే మనిషి వచ్చాడు.

ఎమర్జెన్సీలో కాలి కంటే ముందు పొట్ట చూడమన్నాను. జెల్లు రాసి చిన్న మిషన్ పెట్టారు. కాసేపు గరగరమని, తర్వాత టకటకమని వినిపించింది. నర్స్ నవ్వింది. అప్పుడే నొప్పి తెలిసింది.

చీలమండ రెండు వైపులా విరిగింది, ఎముక పక్కకు జరిగింది. ప్లేటు, స్క్రూలు వేసి సరిచేయాలన్నాడు సర్జన్. శ్రీధర్ అప్పటికి వచ్చాడు. తలకు మంకీ క్యాప్ కూడా తీయకుండా, కట్టు వేసి కాన్పు అయ్యేదాకా ఆగలేమా అని అడిగాడు. ఆగితే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ, తర్వాత సరిగ్గా నడవలేకపోవచ్చనీ సర్జన్ చెప్పాడు. నా కాన్పు డాక్టర్ ఫోన్‌లో మాట్లాడింది. ఈ నెలల్లో ఆపరేషన్ చేస్తారు, కడుపుతో ఉన్నప్పుడు ఏ ఆపరేషన్‌కైనా కొంచెం రిస్క్ ఉంటుంది, ఒంటికంతా మత్తు లేకుండా కాలికి మాత్రమే ఇస్తే బిడ్డకు చేరే మందు తక్కువ, అంది. శ్రీధర్ రిస్క్ ఎంత శాతమో చెప్పమన్నాడు. ఆవిడ చెప్పలేనంది. మళ్లీ అడిగాడు. ఇంజనీర్‌కి అంకె లేకుండా నిర్ణయం తీసుకోవడం రాదు.

వాళ్లు కాగితాలు పెట్టి బయటికి వెళ్లాక నా మంచం పక్కన కూర్చున్నాడు.

"వద్దు హైమా. కాలు తర్వాత సూస్కుందాం," అన్నాడు.

"బిడ్డనెత్తుకుని ఎలా నడుస్తాను?" అన్నాను.

నేను సంతకం పెట్టాను. పెడుతుంటే తను గోడ మీద చేతులు కడుక్కోమని రాసిన పోస్టర్ చూస్తున్నాడు. పిల్లను ఎత్తుకుని నడవాలని ఆపరేషన్‌కి ఒప్పుకున్నానన్నది నిజమే. నొప్పి భరించలేక ఒప్పుకున్నానన్నదీ నిజమే. ఏది ఎంతో నేను కూడా అంకెల్లో చెప్పలేను.

ఆపరేషన్ రోజు

వాపు కొంచెం తగ్గాక, నాలుగో రోజు పొద్దున తీసుకెళ్లారు. ముందు మళ్లీ గుండె చప్పుడు వినిపించారు. తర్వాత మత్తు డాక్టర్ వచ్చింది. అరవై దాటిన మనిషి, మెడలో తాడుకి కళ్లద్దాలు. పక్కకు తిరిగి పడుకోమని, మోకాలి వెనక చల్లగా ఏదో రుద్ది, స్కానింగ్ మిషన్ తెర నా వైపు తిప్పింది. రెండు వారాల కిందట అలాంటి తెర మీదే బిడ్డ తల చూశాను. ఇప్పుడు అదే బూడిదరంగులో, తేనెపట్టు ముక్కలా గుండ్రంగా ఒకటి కనిపించింది. అదిగో నీ నరం, అంది. దాని చుట్టూ మందు పోస్తాను, దాన్ని గుచ్చను, అంది. సూది దిగుతున్నప్పుడు ఒత్తినట్టుంది తప్ప పెద్ద నొప్పి లేదు. లోపలి వైపు చర్మానికి పోయే నరానికి ఇంకొకటి వేసింది.

ముందు పాదం వెచ్చబడింది. తర్వాత తిమ్మిరి. పావుగంటకు బొటనవేలు కదపమంది. కదిపాననుకున్నాను. చూస్తే అది కదలలేదు. చేత్తో పట్టుకుంటే ఎవరి కాలో పట్టుకున్నట్టుంది, చెయ్యికి తెలుస్తోంది గానీ కాలికి తెలియడం లేదు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పూర్తిగా ఊపిరి పీల్చుకున్నాను.

నిద్రమందు వద్దన్నాను, అందుకని మెలకువలోనే ఉన్నాను. మధ్యలో నీలం గుడ్డ కట్టారు. దాని అవతల డ్రిల్ చప్పుడు, లోహం లోహానికి తగిలిన చప్పుడు. లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. ఆ డాక్టర్ నా తల దగ్గర స్టూల్ వేసుకుని కూర్చుని, పేర్లు ఆలోచించావా అని అడిగింది. మా వైపు ముందే పేరు అనుకోరని చెప్పాను. మంచి పద్ధతే, అని నా నుదుటి మీద జుట్టు సర్దింది.

అయ్యాక మళ్లీ గుండె చప్పుడు. అదే టకటక. శ్రీధర్ వెయిటింగ్ రూమ్ నుంచి పరుగున వచ్చి, నర్స్‌ని ఇంకోసారి వినిపించమని అడిగాడు.

ఆ సాయంత్రం నా జీవితంలో ఎంత మంచిదో అప్పుడు తెలియదు. కాలు దిండ్ల మీద ఎవరో వదిలేసి పోయిన వస్తువులా పడి ఉంది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఆ నిశ్శబ్దంలో, బొడ్డు కింద, లోపలి నుంచి ఎవరో వేలితో ఒక్కసారి మీటినట్టయింది. గ్యాస్ అనుకున్నాను. మళ్లీ మీటింది. శ్రీధర్ చెయ్యి లాక్కుని అక్కడ పెట్టాను. బయటికి తెలిసేంత కదలిక కాదది. అయినా తను చెయ్యి తీయకుండా, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాడు. తెలిసిందా అంటే, తెలిసిందన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నవ్వాం.

ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. తిమ్మిరి దిగేముందే నొప్పి మాత్ర వేసుకోండి. వేళ్లలో చీమలు పాకినట్టు మొదలైతే ఆలస్యం చేయకండి. బాగానే ఉంది కదా, బిడ్డకు మందెందుకని నేను వద్దన్నాను. మర్నాడు తెల్లవారేసరికి ఆ నాలుగు రోజుల నొప్పీ ఒక్కసారిగా వచ్చి మీద పడింది. పళ్ల మధ్య దుప్పటి కుక్కుకున్నాను.

ఫిబ్రవరి

ఇంటికొచ్చాక పన్నెండు రోజులు బాగానే గడిచాయి. శ్రీధర్ వారం సెలవు పెట్టి, తర్వాత సగం రోజు ఇంటి నుంచి పనిచేశాడు. కింది అంతస్తులో సుగుణక్క అని మా కంటే పదేళ్లు పెద్దావిడ, తను మధ్యాహ్నాలు చారూ అన్నం పట్టుకొచ్చి, నేను తినేదాకా కూర్చునేది.

పదమూడో రోజు పొద్దుట్నుంచి నడుము లాగింది. మంచంలో పడుకుని పడుకుని అనుకున్నాను. మధ్యాహ్నం బాత్రూమ్‌కి చంక కర్రల మీద వెళ్తుంటే కాళ్ల వెంట వెచ్చగా నీళ్లు కారాయి. కుడికాలి కట్టు తడిసిపోతుందే అని మొదట దాని గురించే కంగారు పడ్డాను. తర్వాత అర్థమైంది. శ్రీధర్ నన్ను ఎత్తుకుని రెండంతస్తుల మెట్లు దిగాడు.

అదే హాస్పిటల్, వేరే అంతస్తు. ఆ అంతస్తులో గోడలకు బొమ్మలున్నాయి. వెయిటింగ్ రూమ్‌లో ఒక పెద్దాయన చేతిలో గులాబీ రంగు బెలూన్. వీల్‌చైర్లో నన్ను ఆయన పక్కగా తోసుకెళ్తుంటే, దారి ఇవ్వడానికి ఆ బెలూన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

స్కాన్‌లో గుండె ఇంకా కొట్టుకుంటోంది. అది చూసి నాకు ఆశ పుట్టింది. డాక్టర్ మంచం అంచున కూర్చుంది. గర్భసంచి ముఖద్వారం తెరుచుకుంది, నీరు పోయింది, ఇరవై వారాలు కూడా నిండలేదు, ఇప్పుడు పుడితే బతికించే మార్గం లేదు, అంది. పడ్డందుకా, ఆపరేషన్ వల్లనా, అని అడిగాను. అదేదీ జరగకపోయినా ఇలా కావచ్చు, ముఖద్వారం బలహీనంగా ఉండే ఆడవాళ్లుంటారు, నీ విషయంలో ఖాయంగా చెప్పలేను, అంది. ఈసారి శ్రీధర్ అంకె అడగలేదు.

నొప్పులు వచ్చాయి. నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇస్తామన్నారు, ఇప్పుడు భయపడాల్సింది లేదన్నారు. వద్దన్నాను. ఎందుకని నర్స్ మెల్లగా అడిగింది. కాలికి తెలియకుండా చేయించుకున్నాను, ఇది కూడా తెలియకుండా పోనివ్వలేననిపించింది. దీన్ని ఎవరూ ఆదర్శంగా తీసుకోవద్దు. నొప్పి పడితే పాపం తీరుతుందనుకున్న మనిషి తీసుకున్న నిర్ణయం అది.

మర్నాడు మధ్యాహ్నం పుట్టింది. ఆడపిల్ల. పుట్టేసరికే ప్రాణం లేదు. నర్స్ తెల్లటి చిన్న గుడ్డలో చుట్టి, చూస్తారా, ఎత్తుకుంటారా అని అడిగింది. నేను చేతులు చాపాను. శ్రీధర్ తలుపు దాకా వెళ్లి, అటు తిరిగి నిలబడి, తర్వాత బయటికి వెళ్లిపోయాడు. పాప గంటసేపు నా దగ్గరే ఉంది. నా రెండు అరచేతులకు సరిపోయింది.

ఆ తర్వాత కాగితాలు శ్రీధరే చూశాడు. మిగతావి హాస్పిటల్ వాళ్లే చేశారు. ఏం చేశారని నేను అడగలేదు.

సాయంత్రం తలుపు మెల్లగా తట్టి మత్తు డాక్టర్ వచ్చింది. తన డ్యూటీ అయిపోయినట్టుంది, కోటు వేసుకుని చేతిలో బ్యాగుతో ఉంది. ఆ అంతస్తు పేషెంట్ల లిస్టులో నా పేరు చూసిందట. కుర్చీ దగ్గరికి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నువ్వు అడగకపోయినా చెప్పాలని వచ్చాను. నేను ఇచ్చిన మందు నీ కాల్లోనే ఉండిపోయింది. అది పాపను చేరిందని నేననుకోను. ఇది నా నోటితో నువ్వు వినాలి. ఎందుకంటే ముందుముందు చాలా రోజులు నిన్ను నువ్వే అడుగుతావు."

అడిగాను. చాలా రోజులే అడిగాను. ఆవిడ చెప్పింది ఖాయమైన సాక్ష్యం కాదని తెలుసు. కానీ పని అయిపోయాక ఇంటికి పోకుండా, తన తప్పేమీ లేని చోటికి తనంతట తనే వచ్చి కూర్చుంది. ఈ రెండోది నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆ తర్వాత, జులై దాకా

ఇంటికొచ్చిన వారానికి, శ్రీధర్ బాల్కనీ తలుపు దగ్గర వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు.

"నేను వద్దన్ననమ్మా. ఇనలే," అన్నాడు.

అంతే. గొంతు కూడా పెంచలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత కూడా తను నాకు చేయాల్సినవన్నీ చేశాడు. స్నానానికి ముందు కాలి కట్టుకు ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేసేవాడు. టబ్ పక్కన ప్లాస్టిక్ స్టూల్ వేసి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టేవాడు. పాలు రాకుండా గట్టిగా గుడ్డ కట్టుకోవాలని సుగుణక్క చెబితే, వెనక ముడి తనే వేశాడు. వేళ్లు నాకు తగిలేవి, కళ్లు తగిలేవి కావు. మన మీద నేరం మోపిన మనిషి చేతే స్నానం చేయించుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, విన్నానని చెప్పాలని. కర్రల సాయం లేకుండా బాత్రూమ్‌కి కూడా పోలేని దాన్ని, పోట్లాడి ఎక్కడికి పోతాను? ఊరుకున్నాను. తనూ ఊరుకున్నాడు. ఊరుకోవడమే మా ఇంటి పద్ధతైపోయింది.

పలకరించడానికి వస్తామని చాలామంది ఫోన్లు చేశారట. నా దాకా రాలేదు. గుడిలో కనిపించిన వాళ్లందరికీ సుగుణక్క, ఇప్పుడే వెళ్లొద్దు, వెళ్లినా ఏమీ అడగొద్దు అని చెప్పిందని చాలా రోజులకు తెలిసింది. నాకు మాత్రం తను ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. వచ్చి, కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, నా తలకు రాసి, జడ వేసి వెళ్లేది.

ఏప్రిల్‌లో కట్టు తీశారు. కాలు సన్నబడి, పొట్టు రాలుతూ, వేరెవరిదో అన్నట్టుంది. ఫిజియోథెరపీలో ముందు పాదం నేల మీద ఆనించడం, తర్వాత కొంచెం బరువు, తర్వాత రెండు కమ్మీల మధ్య నడక. అక్కడి అమ్మాయి ప్రతి అడుగుకీ చప్పట్లు కొట్టేది. ఒకరోజు కమ్మీలు వదిలేసి ఆరడుగులు వేశాను. ఆపరేషన్ మంచి ఆపరేషన్, నడక తిన్నగా వచ్చింది. ఎత్తుకోవడానికి ఎవరూ లేని నడక. ఆ అమ్మాయి చప్పట్లు కొడుతుంటే, ఆ కమ్మీల మధ్యే కూర్చుని ఏడ్చాను. తను చప్పట్లు ఆపి, నా పక్కనే నేల మీద కూర్చుంది. తర్వాతి పేషెంట్ వచ్చేదాకా లేవలేదు.

జూన్ చివర్లో కాన్పు తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు శ్రీధర్ ఆఫీస్ నుంచి మూడింటికే వచ్చి టీవీ పెట్టుకున్నాడు. నేను పప్పు వండాను. ఇద్దరం తిన్నాం.

ఆగస్టు

విరిగింది కుడికాలు కాబట్టి అప్పటిదాకా డ్రైవింగ్ లేదు. ఆగస్టులో డాక్టర్ సరేనన్నాడు. ఒక ఆదివారం శ్రీధర్ తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. బ్రేక్ మీద పాదం ఒత్తితే కొంచెం లాగింది గానీ నడపగలిగాను. ఊరి బయట చెరువు దగ్గర పార్కు దాకా వెళ్లాం. ఆపి, ఇంజన్ కట్టేశాను. తను దిగలేదు.

"అమ్మతోని నేన్మాట్లాడింది నువ్విన్నవ్. నాకెరుకే," అన్నాడు.

విన్నానన్నాను.

"గట్ల అనాల్సింది కాదు. ఎవలనో ఒకల్ని అనకపోతే ఉండలేకపోయిన."

నాకు కోపం వస్తుందనుకున్నాను. ఆరు నెలలు దాచుకున్నది, రావాల్సిందే. స్టీరింగ్ పట్టుకుని దాని కోసం చూశాను. రాలేదు. పక్కకు తిరిగితే తను ఒళ్లో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

"ఆ దినం నేను సూడలే," అన్నాడు. "నువ్వు సూసినవ్ గదా. ఎట్లుండె?"

చెప్పాను. నుదురు వెడల్పుగా ఉందని, తన నుదురేనని చెప్పాను. కళ్లు మూసుకునే ఉన్నాయని, రెప్పలు చాలా పల్చగా ఉన్నాయని, కనుబొమల చోట ఇంకా వెంట్రుకలు రాలేదని. చర్మం ఎర్రగా, పల్చగా ఉందని, లోపల నరాలు కనిపించాయని. ఎడమచెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఉందని, వేళ్లు ఐదూ ఉన్నాయని, గోళ్ల చోట గుర్తులు మాత్రం ఉన్నాయని. నా చూపుడువేలు ఆ చేతి కింద పెడితే బరువే తెలియలేదని.

"ఇంకా?" అన్నాడు.

నోరు కొంచెం తెరుచుకుని ఉందని చెప్పాను. బాధపడినట్టు లేదని చెప్పాను. ఒక్క గంటసేపు చూసిన ముఖం గురించి చెప్పడానికి అంతకంటే లేదు.

తను తల ఊపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను.